నాలుగోసారి ఒప్పుకునే మనిషి

ఆత్మకూరులో చాలామంది ఫోన్లలో నా గొంతు ఉంది. కూరగాయల దగ్గర నేను బేరం చేస్తుంటే ఉలిక్కిపడి తల ఎత్తినవాళ్ళు ఉన్నారు. ఈ గొంతు ఎక్కడో విన్నామే అని వాళ్ళు నుదురు చిట్లించుకుని ఆలోచిస్తుండగానే నేను టమోటాలు ఏరుకుని వచ్చేస్తాను. ఎక్కడ విన్నారో గుర్తొస్తే సిగ్గుపడాల్సింది వాళ్ళే. నాకు ఆ పని ఎప్పుడో అయిపోయింది.

మా ఆయన ఒక చిన్న గేముల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. కంపెనీ బెంగళూరులో ఉంది, ఆయన కుర్చీ మాత్రం ఆత్మకూరులో మా వెనక గదిలో ఉంది. ఆ గేముల్లోని మనుషులు ఏం మాట్లాడాలో తెలుగులో రాసేది ఆయనే. కొట్టుకోవడం ఒక్కటే ఉండే గేములు కావవి. ఆడేవాడు ఒక వేషం వేసుకుని ఊళ్ళు తిరగాలి, కనపడినవాళ్ళతో మాట్లాడాలి, తోడు వచ్చేవాళ్ళను సంపాదించుకోవాలి. ఆ తోడు వచ్చినవాళ్ళలో ఎవరైనా నచ్చితే ప్రేమించుకోవచ్చు, ఆ పైన పడకగది దాకా పోవచ్చు. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాను, ఇప్పుడూ అంతే.

గేములు నాకు పెళ్ళితో వచ్చినవి కావు. మాది ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇల్లు. నాయన చెక్కినవాటికి గరుకు కాగితం పట్టి నునుపు చేయడం నా పని. చేతులకు ఆ పొడి అంటుకుని ఉండగానే ఫోను పట్టుకుని ఆడేదాన్ని. డిగ్రీ చదివేటప్పుడు అట్లాంటి ఒక గేములో నాతోపాటు తిరిగే విలుకాడు ఒకడుండేవాడు. వాడి మీద మనసు పడ్డాను. వాడికి ఇష్టమైనవన్నీ తెచ్చి ఇచ్చాను, వాడు అడిగిన పనులన్నీ చేశాను. చివరికి మనసులో మాట చెబితే, నువ్వంటే గౌరవం ఉంది, నా మనసు మాత్రం అటు పోవడం లేదు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. గేము మొదటినుంచి మళ్ళీ ఆడాను. వాడు మళ్ళీ అదే మాట అన్నాడు, కానీ ఆఖరి యుద్ధంలో నా పక్కనే నిలబడ్డాడు. అప్పుడు వాడి మీద కలిగిన ఇష్టం నాకు ఇంకే బొమ్మ మీదా కలగలేదు. కాదనగలిగేవాడు కనకే వాడు మనిషిలాగా కనిపించాడు.

ఈ సంగతి పెళ్ళికి ముందే బావకు చెప్పాను. పగలబడి నవ్వాడు.

"ఆ గేము రాసినోడికి వ్యాపారం తెలవదు. అంత దూరం వచ్చినోడిని ఉత్త చేతుల్తో పంపిస్తారా యాడన్నా?" అన్నాడు.

తమాషాకు అన్నాడనుకున్నాను. నాకప్పుడు ప్రతిదీ తమాషాగానే ఉండేది.

అత్తవారింట్లో నేను మొదట తిన్న తిట్లు వడ్డన గురించి. మా అత్త వడ్డించే తీరు చూసి తీరాల్సిందే. తినేవాడు వద్దంటే ఆమె ఆగదు. వద్దనకుండా పెట్టించుకునేవాడు తిండిపోతు, వద్దంటే ఆగిపోయే ఇల్లాలు పిసినిగొట్టు, అదీ ఆమె లెక్క. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కకు తోసి మరీ వడ్డిస్తుంది. మా పుట్టింట్లో ఆకలికి తగినంత అడిగి పెట్టించుకోవడమే గానీ ఈ నాటకం లేదు. పెళ్ళయిన కొత్తలో కలిగిరి నుంచి బావ పెదనాన్న వచ్చాడు. రెండో మారు అన్నం తెస్తే ఆయన వద్దమ్మా అన్నాడు. వద్దన్నాడు కదా అని గిన్నె తీసుకుని లోపలికి పోయాను. ఆయన సగం కడుపుతో లేచి కలిగిరికి పోయి, పిల్ల చెయ్యి బిర్రు, పెట్టే గుణం లేదు అని ఊరంతా చాటించాడు. ఆ రోజు మా అత్త నన్ను ఏడిపించి వదిలింది.

"వద్దంటే వద్దనుకుంటారా ఎవరన్నా? మూడుసార్లు వద్దనిపించాల, నాలుగోసారికి పెట్టాల. ఆ మాత్రం తెలవకుండా పెంచినారా నిన్ను?" అంది.

నేర్చుకున్నాను. మూడు నెలలు తిరిగేసరికి చేతులు తోసి వడ్డించడంలో అత్తను మించిపోయాను. మా ఆయన అది చూసి మురిసిపోయేవాడు.

తర్వాత నా గొంతు ఉన్న ఈ గేము పని వచ్చింది. కొండకోట, దానికొక రాజ్యం, ఆ కోట తలుపు దగ్గర కాపలా కాసే ఒక ఆడమనిషి. కత్తి పడుతుంది, నవ్వదు, ఎవరినీ లెక్కచేయదు. ఆడేవాడు ఆమెను తోడుగా తీసుకుపోవచ్చు, ప్రేమించవచ్చు. పట్నం అమ్మాయి ఒకామె గొంతు ఇచ్చిందట, పెళ్ళి పిలుపులు పిలిచినట్టు ఉందని తీసేశారట. మన వైపు మాట కావాలని బావ నన్ను కూర్చోబెట్టాడు. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేశాం. నిజం చెప్పాలంటే ఆ నెల రోజులూ మా సంసారంలో నేను సంతోషంగా ఉన్న రోజులు. ఆయన రాసినది నేను చదివి, ఇట్టా ఏ ఆడదీ అనదు బావా అంటే, గొణుక్కుంటూనే మార్చేవాడు.

కంపెనీవాళ్ళు ఫోనులో మీటింగులు పెట్టుకునేవాళ్ళు. పడకగది చూపించాలా, తలుపు మూసి చీకటి చేసేయాలా అని గంటల కొద్దీ వాదన. పక్కన చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ అన్నీ వినేదాన్ని. పెద్దవాళ్ళు ఆడుకునే గేము, చూపిస్తే చూపించండి, మూస్తే మూయండి, అదేమీ కొంపలు ముంచే విషయం కాదు. లోపలికి పిలిచింది ఎవరు అని మాత్రం అంతమంది మగవాళ్ళలో ఒక్కడికీ అడగాలని తోచలేదు.

నాకు తోచింది, బావను అడిగాను. ఆడేవాడు ఊళ్ళు తగలబెట్టినా, అబద్ధాలాడినా, లేదా ఊరికే ఆమెకు నచ్చకపోయినా, ఆ కాపలామనిషి కాదనడానికి వీలుండాలి కదా అన్నాను. కాదన్నాక ఆమె తోడు మానేయక్కర్లేదు, కత్తి పట్టుకుని పక్కన నడుస్తుంది, గేము సాగుతుంది. అంతే కదా నేను అడిగింది.

"సరే, వద్దు అనే మాట రికార్డు చేద్దాం. రకరకాలుగా చెప్పు" అన్నాడు.

మెత్తగా చెప్పాను, కోపంగా చెప్పాను. రోజంతా కాళ్ళ మీద నిలబడి వచ్చిన మనిషి, ఇంక నన్ను వదిలేయండి అన్నట్టు అలసటగా చెప్పాను. ఆ అలసట నాకు రాసివ్వాల్సిన పనిలేకుండా వచ్చింది. ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, అద్భుతంగా ఉండాది అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను.

గేము బయటికి వచ్చిన కొన్నాళ్ళకు నాయనను చూసి ఉదయగిరి నుంచి బస్సులో వస్తున్నాను. ముందు సీట్లో పాతికేళ్ళ మగవాళ్ళు ఇద్దరు ఒకే ఫోను మీద తలలు పెట్టి ఉన్నారు. శబ్దం బస్సంతా వినపడుతోంది. ఫోనులో నా గొంతు వద్దు అంది.

"వద్దంటా ఉండాది కదరా" అన్నాడు ఒకడు.

"మళ్ళీ నొక్కు. మూడుసార్లు అంటాది, నాలుగోసారి పడతాది. ముందుగా చెయ్యి తోసేసే బటన్ ఉండాది చూడు" అన్నాడు రెండోవాడు.

నా గొంతు మళ్ళీ వద్దు అంది. ఈసారి కోపంగా. వాళ్ళు నవ్వుతూ నొక్కారు. మూడోది నా అలసట. దానికి వాళ్ళు ఇంకా పెద్దగా నవ్వారు. నాలుగోసారి నొక్కితే మాట లేదు. ఎక్కడో ఇంకో సీనులో నేను కొండెక్కి వచ్చి వగర్చినట్టు చేసిన శబ్దాన్ని తెచ్చి అక్కడ అతికించారు. తలుపు మూసుకుంది, తెర చీకటైంది. "చెప్పినానా?" అని రెండోవాడు మొదటివాడి వీపు మీద చరిచాడు. వెనక సీట్లో నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. లేచి వాళ్ళ చెంపలు వాయించాలనిపించింది. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడతారని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి చెప్పుల కాళ్ళతోనే వెనక గదిలోకి పోయాను.

"ఏం చేసినావు బావా నా వద్దులని?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంబరపడ్డాడు.

"బస్సులో కూడా ఆడతా ఉండారా! అది నా ఆలోచనేమే. కాదంటే కథ ఆడికి ఆగిపోతాది, ఏం చేద్దామని కంపెనీలో తలలు పట్టుకున్నారు. మా అమ్మ వడ్డించేది గుర్తొచ్చినాది. మా వైపు మూడుసార్లు వద్దనేది మర్యాద, నాలుగోసారికి ఒప్పుకుంటారని చెప్పినాను. మన ఊరి పద్ధతి అని మా బాసు ఎగిరి గంతేసినాడు."

"అన్నానికీ ఆడదానికీ ఒకటే పద్ధతా?"

"నువ్వు మాత్రం? నువ్వూ అంతే కదా" అన్నాడు, నవ్వుతూ, నా బుగ్గ గిల్లుతూ.

నువ్వూ అంతే కదా. పెళ్ళయిన నాటి నుంచి మా గదిలో నేను వద్దన్న రోజులు ఉన్నాయి. ఒంట్లో బాగాలేక, మనసు బాగాలేక, ఊరికే ఇష్టం లేక. ఆయన కొట్టడు, తిట్టడు. బతిమాలతాడు, నవ్విస్తాడు, చెయ్యి తోసేస్తాడు, నేను అలిసిపోయి ఊరుకుంటాను. మగవాడికి ఆత్రం ఎక్కువ, ఏం చేస్తాం అని సర్దుకున్నాను. అది ఆత్రం కాదని అప్పుడు తెలిసింది. ఆయన లెక్కపెట్టేవాడు. నేను అన్న ప్రతి వద్దూ ఆయనకు మర్యాదగానే వినపడింది. ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే నాకు అసహ్యం వేసింది. ఆ సీను తీసేయమన్నాను. గేములో అందరికీ నచ్చిందే అది, తీయమంటే నన్ను తీసేస్తారు అన్నాడు. అత్తతో చెప్పాను. గేములోని బొమ్మకు లేని బాధ నీకెందుకు అంది. ఆమె పప్పులో తాలింపు పెడుతోంది, తిరిగి కూడా చూడలేదు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే. ఒక్క వద్దు చాలునని ఆ ఇంట్లో ఒక్కరి చేతనైనా ఒప్పించాలి. లేకపోతే నేను ఆ ఇంట్లో బతకలేను.

గేము బాగా ఆడుతోందని బాసు స్వయంగా ఆత్మకూరు వచ్చాడు. మధ్యాహ్నం భోజనం. కలిగిరి నుంచి పెదనాన్ననూ పిలిచారు. బాసు మర్యాదస్తుడే. నాకు నమస్కారం పెట్టి, మీ గొంతు లేకపోతే ఆ పాత్ర లేదండీ అన్నాడు. మజ్జిగ ఇచ్చి, నిలబడే అడిగాను.

"ఆమె ఒకసారి వద్దంటే ఆడికి వదిలేసేట్టు మార్చండి సార్. స్నేహంగానే ఉంటాది, గేము ఆగదు. నేను ఆడిన గేముల్లో ఉండాది అట్టా."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచించాడన్న మాట కాదనను.

"నిజమేనండీ, కానీ అంతసేపు ఆడి వచ్చినవాడికి అవమానంగా ఉంటుంది కదా" అన్నాడు.

బావ నా వైపు చూసి, నేను చెప్పలా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను. ఆకులు వేశాను.

పెదనాన్న ఉన్న పంక్తిలో ఆయన లేవకముందు ఎవరూ లేవకూడదు. ఆకులో మెతుకు వదిలితే ఆయన ఊరుకోడు, అన్నాన్ని తన్నినట్టే ఆయనకు. బావకు ఈ రెండూ బాగా తెలుసు. కోడి కూర, చేపల పులుసు, పప్పు, బూరెలు. అందరికీ రెండేసి మార్లు వడ్డించి, బావ ముందు ఆగాను.

"ఇంకొంచెం అన్నం బావా."

"చాల్లే, వద్దు."

పెట్టాను. పెదనాన్న మెచ్చుకోలుగా గొంతు సవరించాడు. బావ అది తిన్నాడు. పులుసు తెచ్చాను. వద్దు మే అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే పోశాను. వేళ్ళ సందుల్లోంచి పులుసు కారి అన్నంలో కలిసింది. మీ ఊరి మర్యాద చూడ్డానికి భలే ఉందండీ అని బాసు నవ్వాడు. బావ కూడా నవ్వాడు, చెయ్యి నాక్కుంటూ. మళ్ళీ అన్నం తెచ్చాను.

"నిజంగా వద్దు మే. కడుపులో చోటు లేదు."

"మూడు అయిపోయినాయి బావా. ఇప్పుడు ఒప్పుకోవాల" అని గిన్నె వంచాను.

బాసు నవ్వు సగంలో ఆగిపోయింది. బావ తలెత్తి నన్ను చూశాడు. అప్పటికి ఆయనకు అర్థమైంది. పెదనాన్న మాత్రం, "తినరా, పిల్ల అంత ప్రేమగా పెడతా ఉంటే" అన్నాడు. బావ తల దించుకుని తిన్నాడు. ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ తిన్నాడు. బూరెలు తెచ్చి, ఒకటి తరవాత ఒకటి వేసి, చిల్లి పెట్టి నెయ్యి పోశాను. ఈసారి వద్దు అన్న మాట నాకు ఒక్కదానికే వినపడేంత మెల్లగా వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు. ఇంక నన్ను వదిలేయండి అనే గొంతు. జాలి వేసిందని రాస్తే అబద్ధం. నాకు హాయిగా ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఇంకో బూరె వేశాను.

ఆయన పంక్తిలోంచి లేచి పెరట్లోకి పరిగెత్తాడు. కుళాయి దగ్గర మోకాళ్ళ మీద కూలబడి తిన్నదంతా కక్కాడు. అత్త వెనకే పరిగెత్తి, ఆయన నుదురు పట్టుకుని నా మీద అరిచింది.

"వాడు వద్దు వద్దంటా ఉంటే నీకు చెవులు పోయినాయా? మనిషివేనా నువ్వు?"

"వినపడినాది అత్తా. మర్యాదకి అంటా ఉండాడనుకున్నా."

ఆమె మొహం తిప్పుకుని కొంగుతో కొడుకు మూతి తుడిచింది. అక్కడ ఉన్నవాళ్ళలో నా మాట అసలు పట్టించుకోనివాడు పెదనాన్న ఒక్కడే. ఆయన తాపీగా చెయ్యి కడుక్కుని, ఇప్పటికి పిల్లకి వడ్డించేది తెలిసినాది అని మెచ్చుకుని కలిగిరి బస్సెక్కాడు. బాసు నాతో మాట్లాడకుండా కారెక్కాడు. సీను తీయలేదు. ఆ కాపలామనిషి ఇప్పటికీ నా గొంతుతో నాలుగోసారి ఒప్పుకుంటూనే ఉంది. ఆమెను నేను కాపాడలేకపోయాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇంట్లో మాత్రం గెలిచాను. బావ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు. ఒకరోజు నా పక్కకు జరిగి చెయ్యి వేశాడు, వద్దన్నాను, వెంటనే చెయ్యి తీసేశాడు. బతిమాలలేదు, నవ్వించలేదు. ఆ తరవాత కూడా అంతే. ఒక్క వద్దు. నాకు ఎంత తేలికగా ఉండేదంటే, అవసరం లేకపోయినా వద్దనేదాన్ని, ఆ మాట నిలబడటం చూడటానికే. చాలాకాలం అట్లా వద్దంటూనే ఉన్నాను. కొన్నాళ్ళకు ఆయన నా పక్కకు జరగడం మానేశాడు. అదీ నాకు మంచిదే అనిపించింది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్త పక్కింట్లో ఉంది. ఆయన చాప మీద చొక్కా లేకుండా పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. మెడ మీద చెమట. ఎన్నాళ్ళకో నాకు ఆయన కావాలనిపించింది. ఎవరూ బతిమాలకుండా, ఎవరూ చెయ్యి తోయకుండా, నాకై నేను కోరుకున్నాను. ఆ కోరిక పుట్టినందుకు కళ్ళు తడిశాయి. పోయి పక్కన కూర్చుని ఆయన గుండె మీద చెయ్యి పెట్టాను.

"వద్దు" అన్నాడు.

మెత్తగానే అన్నాడు. కళ్ళు తెరవలేదు. అది నిజంగా వద్దనో, నా మీది పాత కోపమో, ఇంకోసారి అడిగించుకోవాలన్న ఆశో, నాకు తెలియదు. రకరకాల వద్దులు చెప్పి రికార్డు చేసిన మనిషిని, ఈ ఒక్కటి ఏ రకమో పోల్చుకోలేకపోయాను. ఆయన విసనకర్ర ఆపేసి ఉన్నాడు. ఇంకోమాట నా నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, చెయ్యి తీసేసి, వంటింట్లోకి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టాను. పిలుస్తాడేమోనని నీళ్ళ చప్పుడు కాకుండా కడిగాను. పిలవలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ రెండోసారి అడగడం లేదు.